సున్నా గుర్తు ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి

2019లో లిథియం అయాన్ బ్యాటరీకి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ముగ్గురి పేర్లు లోకమంతా వినిపించాయి. విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్ ధనధ్రువానికి పదార్థాలు కనిపెట్టారు. యోషినో ఋణధ్రువాన్ని కర్బనంతో చేసి, బ్యాటరీని ఇళ్ళలో వాడుకునే స్థితికి తెచ్చారు. రెండు ధ్రువాల నడుమ ఉండే ద్రవానికి, అంటే ఎలక్ట్రోలైటుకు మాత్రం ఆ పేరుప్రతిష్ఠల్లో వాటా రాలేదు. కానీ ఛార్జి ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ప్రతి లిథియం అయానూ ఆ ద్రవాన్ని దాటుకునే వెళ్ళాలి. బ్యాటరీ చలికి ఎందుకు మొరాయిస్తుంది, తొందరగా ఛార్జి చేయబోతే ఎందుకు ఇబ్బంది పెడుతుంది, వేడెక్కితే ఎందుకు అంటుకుంటుంది అన్న ప్రశ్నల్లో ఏది అడిగినా జవాబు కోసం ఆ ద్రవంలోకి దిగాల్సిందే.

అయాన్లు ద్రవంలో ఎలా కదులుతాయన్న ప్రశ్నను పట్టుకుని అర్ధశతాబ్దికి పైగా వదలని రసాయన శాస్త్రవేత్త చార్లెస్ ఆస్టెన్ ఏంజెల్. 1933లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో పుట్టారు. మెల్‌బోర్న్‌లో లోహశాస్త్రం చదివి, లండన్ ఇంపీరియల్ కాలేజీలో డాక్టరేట్ చేశారు. అమెరికాలో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో, 1989 నుంచి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 2021లో కన్నుమూశారు. జీవిత విశేషాలకు ఈ నాలుగు వాక్యాలు చాలు. నేను చెప్పదలచుకున్నది ఆయన పనితనం గురించి.

ఆయన ఎక్కువగా నమ్ముకున్న కొలతలు చాలా పాతవి: ద్రవం ఎంత చిక్కగా ఉంది, దానిలో విద్యుత్తు ఎంత సులువుగా పోతుంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర అది గాజులా బిగుసుకుపోతుంది. డిగ్రీ కాలేజీ ప్రయోగశాలకు కూడా కొంతవరకు అందుబాటులో ఉండే కొలతలివి. ఆయన ప్రత్యేకత కొలవడంలో కన్నా లెక్కను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవడంలో ఉంది. స్కేలు మీద సున్నా గుర్తును సరైన చోట పెడితే చిందరవందరగా ఉన్న అంకెలు వాటంతటవే వరసకొస్తాయని ఆయనకు తెలుసు. జీవితంలో ఆ పని కనీసం మూడుసార్లు చేశారు: ఒకసారి ఉష్ణోగ్రతకు, ఒకసారి మిశ్రమాల పాళ్ళకు, ఒకసారి వాహకత్వానికి.

ఎలక్ట్రోలైట్ పాఠం మామూలుగా ద్రావణితో మొదలవుతుంది. ముందు నీళ్ళో మరొక ద్రవమో ఉంటుంది. అందులో ఉప్పు వేస్తే అయాన్లుగా విడిపోతుంది. ఇవాళ మన ఫోన్లలో ఉన్నదీ ఇదే పద్ధతి: ఇథిలీన్ కార్బొనేటు, దాని బంధువుల మిశ్రమంలో లీటరుకు దాదాపు ఒక మోలు లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు కరిగి ఉంటుంది. ఏంజెల్ లోహశాస్త్రం వైపు నుంచి వచ్చినవారు. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు ఉప్పు నీళ్ళలో కరిగే సరుకు కాదు, వేడికి కరిగి తానే ద్రవమయ్యే సరుకు. ఆ ద్రవంలో ద్రావణి ఉండదు, ఉన్నవన్నీ అయాన్లే.

1960లలో ఆయన కాల్షియం నైట్రేటు, పొటాషియం నైట్రేటుల మిశ్రమాన్ని పట్టుకున్నారు. పొటాషియం నైట్రేటంటే మన సురేకారమే. విడిగా అయితే అది 334 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కాల్షియం నైట్రేటుకు 550 డిగ్రీలు దాటాలి. మోలు లెక్కన నాలుగు పాళ్ళు కాల్షియం ఉప్పు, ఆరు పాళ్ళు సురేకారం కలిపి కరిగించి చల్లారిస్తే ఆ ద్రవం అంత తేలిగ్గా స్ఫటికం కట్టదు. క్రమంగా చిక్కబడుతూ వచ్చి దాదాపు 60 డిగ్రీల దగ్గర గాజుగా మారుతుంది. పరిశోధకుడికి ఇది వరం. మామూలు ఉప్పు చల్లారుతూ తన ద్రవణ స్థానానికి రాగానే గడ్డకట్టి కొలతలు ఆపేస్తుంది. ఇక్కడ వందల డిగ్రీల పొడవునా ఒకే ద్రవాన్ని వెంటాడవచ్చు.

అలా వెంటాడినప్పుడు వాహకత్వం మామూలు రసాయన సూత్రానికి లొంగలేదు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ అది అంతకంతకూ నిటారుగా పడిపోయింది. ఆ వంపును ముందుకు పొడిగిస్తే అయాన్ల కదలిక ఆగిపోయే చోటు పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర కాక, గాజుగా మారే ఉష్ణోగ్రతకు కొంచెం కింద తేలింది. గాజుల విషయంలో ఇలాంటి సమీకరణాన్ని 1920లలోనే ఫోగెల్, ఫుల్చర్, టామన్ ఎవరికి వారు రాసిపెట్టారు. కరిగిన ఉప్పులకు అది ఎందుకు వర్తిస్తుందో, దానివల్ల మన చూపు ఎలా మారాలో ఏంజెల్ పట్టుదలగా చెప్పారు. ఒక ద్రవంలో అయాన్లు ఎంత చురుకుగా ఉన్నాయో తెలియాలంటే అది ఎన్ని డిగ్రీల దగ్గరుందని అడిగితే సరిపోదు. తన గాజు స్థితికి ఎంత దూరంలో ఉందని అడగాలి. 1966 నాటి ఆయన పత్రం శీర్షికలోనే గాజు మార్పు, అయానిక్ ద్రవాలు (అంటే మొత్తం అయాన్లే అయిన ద్రవాలు) రెండూ పక్కపక్కన ఉన్నాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా ఉండే ఉప్పుల మీద ప్రపంచమంతా ఎగబడటానికి అది చాలా ఏళ్ళ ముందు మాట.

ఈ మొదటి సున్నాను ఆయన తర్వాత అన్ని ద్రవాలకూ విస్తరించారు. 1980లలో పేరుపడ్డ ఆ గ్రాఫును ఇప్పుడు ఏంజెల్ గ్రాఫనే అంటారు. నిలువు అక్షం మీద స్నిగ్ధత (చిక్కదనం), లాగరిథం స్కేలులో. అడ్డ అక్షం మీద ఉష్ణోగ్రతకు బదులు ఒక నిష్పత్తి: ఆ పదార్థం గాజుగా మారే ఉష్ణోగ్రతను ప్రస్తుత ఉష్ణోగ్రతతో భాగించగా వచ్చేది, రెండూ కెల్విన్లలో. ఇసుకరాయిలోని సిలికా దాదాపు 1200 డిగ్రీల దగ్గర గాజవుతుంది. గ్లిజరాల్ సున్నాకు 80 డిగ్రీల కింద గాజవుతుంది. మామూలు గ్రాఫులో ఈ రెండూ చెరో మూల ఉంటాయి, పోల్చడానికి వీలే ఉండదు. ఏంజెల్ గ్రాఫులో అన్ని గీతలూ కుడిపక్క ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువు నుంచి వెనక్కి ఎవరి దారి వారిది. సిలికా సరళరేఖలో దిగుతుంది. నైట్రేటు మిశ్రమం, కొన్ని కర్బన ద్రవాలు బిగుసుకునే ముందువరకు పల్చగా ఉండి, ఆఖరులో ఒక్కసారిగా చిక్కబడతాయి. మొదటి రకాన్ని ఆయన దృఢ ద్రవాలన్నారు, రెండో రకాన్ని పెళుసు ద్రవాలన్నారు. బ్యాటరీ చేసేవాడికి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. రెండు ద్రవాలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర గాజయ్యేవైతే, పెళుసు రకం గది ఉష్ణోగ్రత దగ్గర చాలా పల్చగా ఉంటుంది. అయానిక్ ద్రవాల్లో చాలావాటికి ఆ గుణం ఉంది, వాటిలో కరెంటు బాగా పోవడానికి అదొక కారణం.

ఆ గ్రాఫుకు ముందే, పర్డ్యూలో ఆయనతో కలిసి కె. జె. రావు గాజు మార్పును అణుబంధాలు తెగడం, అతుక్కోవడంగా లెక్కగట్టే నమూనా ఒకటి 1972లో ప్రచురించారు. తర్వాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గాజుల పరిశోధనకు రావు పెద్ద దిక్కయ్యారు. 1976లో స్పీడీ అనే సహచరుడితో కలిసి ఏంజెల్ రాసిన పత్రం సున్నాకు దిగువన కూడా గడ్డకట్టకుండా నిలిచిన నీటి గురించి. చల్లబడేకొద్దీ దాని గుణాలు మైనస్ 45 డిగ్రీల వైపు ఎందుకు పరుగెడుతున్నాయన్న ఆ ప్రశ్న మీద వాదోపవాదాలు దశాబ్దాల తరబడి సాగాయి. ఆ కథ వేరు. ఆ పనిలోనూ చెయ్యి అదే: కొలవగలిగిన మేర కొలిచి, గీత ఏ బిందువు వైపు చూస్తోందో పట్టుకోవడం.

రెండో సున్నా మిశ్రమాల పాళ్ళ లెక్కలో ఉంది. కాల్షియం నైట్రేటు ఒక్కో అణువుకు నాలుగు నీటి అణువులతో స్ఫటికం కడుతుంది. ఆ స్ఫటికం 43 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. దాన్ని చిక్కటి ఉప్పునీళ్ళుగా భావించడం అప్పటి అలవాటు. 1965లో ఏంజెల్ దాన్ని మరోవైపు నుంచి చూశారు. నీళ్ళు విడిగా లేవు, కాల్షియం అయానును అంటిపెట్టుకుని ఉన్నాయి. కాబట్టి ఆ రెండింటినీ కలిపి ఒక పెద్ద ధనాయానుగా లెక్కపెట్టి, మొత్తాన్ని కరిగిన ఉప్పుగానే చూడాలన్నారు. ద్రావణిని మొదలుగా పెట్టుకుని ఉప్పు కలుపుతూ పోయేవాళ్ళ ఎదుట ఆయన ఉప్పునే మొదలుగా పెట్టుకుని, అవసరమైనంత మేరకే మిగతావి కలిపారు. అనేక ఏళ్ళ తర్వాత జపాన్‌లోని యోకొహామాలో మసయోషి వతనబె బృందం లిథియం అయాను చుట్టూ గ్లైమ్ అనే ద్రావణి అణువు చుట్టుకునే ద్రవాలను ఒక కొత్త తరగతి అయానిక్ ద్రవాలుగా నిలబెట్టింది. ఆ ఆలోచనకు వేరు ఇక్కడే ఉంది.

మూడో సున్నా వాహకత్వానిది. నా దృష్టిలో ఏంజెల్ పనితనంలో అన్నిటికన్నా అందమైనది ఇదే.

లాత్వియాలో పుట్టిన పాల్ వాల్డెన్ 1906లో ఒకే ఉప్పును అనేక కర్బన ద్రావణుల్లో కరిగించి చూశారు. ద్రవం ఎన్ని రెట్లు చిక్కనైతే ఉప్పు వాహకత్వం దాదాపు అన్ని రెట్లు తగ్గింది. రెండింటి లబ్ధం ఇంచుమించు మారలేదు. దానికి వాల్డెన్ నియమమని పేరు. ఆయనే 1914లో మరో పత్రంలో ఇథైల్ అమ్మోనియం నైట్రేటు అనే ఉప్పు 12 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుందని నమోదు చేశారు. గది ఉష్ణోగ్రత దగ్గరి అయానిక్ ద్రవాల చరిత్రను చాలామంది ఆ పత్రంతోనే మొదలుపెడతారు. అదే ఏడాది జర్మనీలో టూబాంట్, లోరెంట్స్ మరో వింతను ప్రకటించారు. సిల్వర్ అయొడైడ్ 147 డిగ్రీలు దాటాక ఘనపదార్థంగానే ఉంటుంది గాని, దానిలో వెండి అయాన్లు ద్రవంలో తిరిగినంత స్వేచ్ఛగా తిరుగుతాయి. వాల్డెన్ నియమం ప్రకారం ఘనపదార్థంలో కరెంటే పోకూడదు. రెండూ నిజమే. మరి రెండింటినీ ఒకే చోట కూర్చోబెట్టడం ఎలా?

తిరునాళ్ళలో జనం కిక్కిరిసినప్పుడు పెద్దవాళ్ళు గుంపు కదిలితేనే కదలగలరు, పిల్లవాడు కాళ్ళ సందుల్లోంచి దూరి గుడి ముందుకు చేరుకుంటాడు. వాల్డెన్ చూసినవి పెద్ద అయాన్లు. చుట్టూ ఉన్న అణువులు జరిగితేనే వాటికి దారి. వెండి, లిథియం, ప్రోటాన్ లాంటి చిన్న అయాన్లకు పరిస్థితులు అనుకూలిస్తే చుట్టూ ఉన్నవాటితో పని లేదు. అయాను కదలిక చుట్టూ ఉన్నవాటి కదలిక నుంచి ఇలా విడిపోవడానికి ఏంజెల్ ఒక కొలత ఇచ్చారు. ద్రవం తన నిర్మాణాన్ని సర్దుకోవడానికి పట్టే కాలాన్ని, విద్యుత్ క్షేత్రానికి అయాన్లు సర్దుకోవడానికి పట్టే కాలంతో భాగించాలి. మామూలు ద్రావణంలో ఈ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటుంది. వెండి అయాన్లు పరుగెత్తే మేలిరకం గాజుల్లో లక్ష కోట్ల రెట్లకు పోతుంది. గాజు కదలడానికి నిమిషాలు పడితే అయాను ఆ లోపలే లెక్కలేనన్ని గంతులు వేసేస్తుందన్నమాట.

2003లో ఈ ఆలోచన మొత్తాన్నీ ఆయన ఒక్క గ్రాఫులోకి (వాల్డెన్ గ్రాఫులోకి) దించి అయానిక్ ద్రవాలకు అన్వయించారు. అడ్డ అక్షం మీద స్నిగ్ధతకు విలోమం, నిలువు అక్షం మీద మోలార్ వాహకత్వం, రెండూ లాగరిథం స్కేలులో. నడుమ ఏటవాలుగా ఒక గీత. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే అసలు ప్రశ్న. ఆయన పలచటి పొటాషియం క్లోరైడు నీటి ద్రావణాన్ని ఎంచుకున్నారు. అందులో అయాన్లు పూర్తిగా విడిపోయి ఉంటాయి, పొటాషియం, క్లోరైడు రెండూ దాదాపు ఒకే వేగంతో కదులుతాయి. కాబట్టి ఆదర్శ ఎలక్ట్రోలైటుకు అంతకన్నా సులువైన ప్రతినిధి దొరకదు. ఇక కొత్త ద్రవం ఏది చేసినా దాని చుక్క ఎక్కడ పడిందో చూస్తే సగం కథ తెలిసిపోతుంది. గీత మీద పడితే అది మంచి అయానిక్ ద్రవం. కిందికి జారితే అయాన్లు జంటలు కట్టాయి, లేదా అసలు అయాన్లుగానే మారలేదు. పైకి ఎక్కితే చిన్న అయాన్లు ద్రవాన్ని వదిలేసి సొంతంగా పరుగెడుతున్నాయి.

ఈ గ్రాఫు చేతికొచ్చాక తయారీకి సూచనలూ వచ్చాయి. ఆమ్లం నుంచి క్షారానికి ప్రోటాన్‌ను బదలాయించి అయానిక్ ద్రవం చేయవచ్చు. కానీ ప్రోటాన్ సగం దారిలో మనసు మార్చుకుంటే ద్రవం ఆవిరైపోతుంది, కరెంటూ పోదు. మసహిరో యోషిజావా, వూ షు అనే సహచరులతో ఏంజెల్ అదే ఏడాది ఒక లెక్క చెప్పారు: ఆమ్లానికీ క్షారానికీ ప్రోటాన్ మీద పట్టు ఎంతో చెప్పే, నీటిలో కొలిచిన పీకేఏ విలువల మధ్య తేడా పదికి దగ్గరగానో, పైనో ఉంటే ప్రోటాన్ మళ్ళీ వెనక్కి చూడదు. అలాంటి ద్రవాల్లో కొన్ని నీటి ద్రావణాలతో సమానంగా కరెంటు పోనిస్తాయని కూడా చూపించారు. మరో పత్రంలో అయాన్ల పరిమాణం ఎంత ఉండాలో లెక్కగట్టారు. అయాన్లు చిన్నవైతే విద్యుదాకర్షణ వాటిని బిగదీస్తుంది. మరీ పెద్దవైతే అణువుల మధ్య ఉండే సాధారణ ఆకర్షణ బిగదీస్తుంది. ధన, ఋణ అయాన్ల మధ్య దూరం దాదాపు 0.6 నానోమీటర్లు ఉన్నచోట రెండు బిగువులూ కలిసి అతి తక్కువగా ఉంటాయి. గాజు ఉష్ణోగ్రత అక్కడే అన్నిటికన్నా కిందికి దిగుతుంది, ద్రవం పల్చబడుతుంది.

రెండో సున్నా, మూడో సున్నా కలిసిన చోటు 1993లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రం. పాలిమర్ ఎలక్ట్రోలైట్లంటే అప్పటికి పాలీఇథిలీన్ ఆక్సైడులో కొంచెం లిథియం ఉప్పు కలపడమే. 1973లో పీటర్ రైట్, ఆ తర్వాత మిషెల్ ఆర్మాన్ వేసిన బాట అది. అందులో పాలిమర్ గొలుసు కదిలితేనే లిథియం కదులుతుంది, తిరునాళ్ళలో పెద్దవాళ్ళ స్థితే. ఏంజెల్ బృందం పాళ్ళను తారుమారు చేసింది. కొన్ని లిథియం ఉప్పుల్ని కలిపి గది ఉష్ణోగ్రత దగ్గర స్ఫటికం కట్టని మిశ్రమం చేసి, అందులో పాలిమర్‌ను కొద్దిగా మాత్రమే కలిపింది. కరెంటు మోసే పని ఉప్పుది, రబ్బరులా సాగే గుణం పాలిమర్‌ది. లిథియం అయాన్లు గుంపుతో సంబంధం లేకుండా పరుగెత్తాయి.

ఆ ప్రయోగశాలలో డాక్టరేట్ చేసిన కాంగ్ షు 1998లో ఏంజెల్‌తో కలిసి ఒక సల్ఫోన్ ద్రావణి 5.8 వోల్టుల దాకా చెడిపోకుండా నిలుస్తుందని చూపించారు. తర్వాత షు అమెరికా సైనిక పరిశోధనశాలలో చేరి, మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన చున్‌షెంగ్ వాంగ్ బృందంతో పనిచేశారు. 2015లో వాళ్ళు నీటి కన్నా ఉప్పే ఎక్కువ బరువుండే ద్రావణాన్ని, కిలో నీటికి 21 మోళ్ళ లిథియం ఉప్పు వేసి, తయారుచేశారు. మామూలు నీరు 1.23 వోల్టులకే విచ్ఛిన్నం కావాలి. ఈ ద్రావణం దాదాపు 3 వోల్టులు తట్టుకుంది. నీటితో లిథియం అయాన్ బ్యాటరీ చేయవచ్చన్న ఆశ కొత్తగా చిగురించింది. 1965లో కాల్షియం ఉప్పు పక్కన నీటిని లెక్కపెట్టిన పద్ధతే ఇది, అర్ధశతాబ్ది తర్వాత.

మెచ్చుకోవడమంటే లోపాలు చూడకపోవడం కాదు. ఉప్పులో పాలిమర్ ఆలోచన అందంగా ఉన్నా, అంత ఉప్పును ఏళ్ళ తరబడి స్ఫటికం కట్టకుండా ఆపడం తేలిక కాదు. సల్ఫోన్ ఎక్కువ వోల్టేజిని తట్టుకుంది గాని ఋణధ్రువంలోని గ్రాఫైటు మీద రక్షణ పొరను సరిగ్గా కట్టలేకపోయింది. ఎత్తైన వాహకత్వం వేరు, దుకాణంలో అమ్ముడుపోయే బ్యాటరీ వేరు. వాల్డెన్ గ్రాఫు మీద కూడా 2010లో జర్మనీ పరిశోధకులు సూటిగా విమర్శ పెట్టారు: పొటాషియం క్లోరైడు గీతకు ఆదర్శమన్న హోదా ఎవరిచ్చారు, మరో ఉప్పును ఎంచుకుంటే గీత పక్కకు జరగదా? న్యాయమైన ప్రశ్న. పైగా లాగరిథం స్కేలులో రెండు రెట్ల తేడా కూడా కంటికి చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇంతకన్నా లోతైన పరిమితి మరొకటి ఉంది. ఆ గ్రాఫులోని వాహకత్వం అన్ని అయాన్లదీ కలిపి. బ్యాటరీకి కావలసింది లిథియం వాటా ఒక్కటే. అయానిక్ ద్రవంలో లిథియం ఉప్పు కలిపితే లిథియం చుట్టూ ఋణాయాన్లు మూగి, మొత్తం గుంపుకే ఋణావేశం వస్తుంది. 2018లో మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యుత్ క్షేత్రంలో అయస్కాంత అనునాద పద్ధతితో కొలిచి, అలాంటి ద్రవాల్లో లిథియం తాను పోవలసిన ధ్రువానికి ఎదురుదిశలో కదలవచ్చని చూపించారు. చుక్క గీతకు దగ్గరగానే ఉండవచ్చు, లిథియం మాత్రం వెనక్కి నడుస్తుండవచ్చు.

ఈ విమర్శలన్నీ వినిపించినా ఆ గ్రాఫు మూలన పడలేదు. కొత్త అయానిక్ ద్రవం చేసినవాళ్ళు ఇవాళ్టికీ దాని చిక్కదనం, వాహకత్వం, సాంద్రత కొలిచి, ఆ ఏటవాలు గీత పక్కన చుక్క పెట్టి చూపిస్తారు. గీత తప్పు చోట ఉందన్నవాళ్ళు కూడా ఎంత తప్పో ఆ కాగితం మీదే చూపించారు. లిథియం వాటా వేరుగా కొలిచినవాళ్ళు మొత్తం వాహకత్వం చెప్పని సంగతి ఏమిటో ముందు తెలుసుకున్నాకే కొలిచారు. ఏంజెల్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. తాను ఏ సున్నా నుంచి లెక్కపెడుతున్నారో ఆయన దాచలేదు. ఎందుకు ఆ చోటే ఎంచుకున్నారో చెప్పారు, కాబట్టి కాదన్నవాళ్ళకు కూడా ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. లిథియం ఒక్కదాని కదలికను అంత సూటిగా చూపించే గ్రాఫు ఎవరైనా రేపు గీస్తే, దాని మీద మొదట పడాల్సిన గుర్తు కూడా అదే: సున్నా ఎక్కడ పెట్టాను, ఎందుకు పెట్టాను.